నలభై ఏడు అంగలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. గుమ్మం పక్క బల్ల మీద నాయనమ్మ, పొయ్యి దగ్గర అమ్మ, పెరట్లో కొడవలి నూరుకుంటూ నాన్న, పక్క ఊళ్లో సరుకు దింపి వచ్చి మంచానికి అడ్డంగా పడి నిద్రపోతున్న లారీ బాబాయి, జల్లెడ అడగడానికి వచ్చి గంట నుంచీ కబుర్లు తెమలని పక్కింటి పిన్ని, బీరువాకీ గోడకీ మధ్య సందులో నేను.

కొత్తవాళ్ల అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆ సందులోకి దూరడం నాకు చిన్నప్పటి అలవాటు. పదిహేనేళ్లొచ్చినా అందులో ఇంకా పట్టేదాన్ని. "ఈ పిల్లని ఎవరికైనా చూపించాలంటే ముందు బీరువా జరపాలి" అనేది నాయనమ్మ.

వాకిట్లోకి వచ్చిన ఏడో మనిషి నలభై ఏళ్ల ఆడమనిషి. భుజాన గుడ్డ సంచి, చేతిలో తాడు చుట్ట, చంకలో నాలుగు కొయ్య గూటాలు.

"ఏంటమ్మాయ్, ఎవరి ఆవుని కట్టేయడానికొచ్చావ్?" అంది నాయనమ్మ.

"ఆవుని కాదవ్వా, పంటని" అని నవ్వారావిడ. వ్యవసాయ ఆఫీసు నుంచి వచ్చిన కొలతల మేడమ్ అట. మా చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకీ కలిపి చీటీలు తీసి ఐదు చేలు ఎంచారు. ఒక్కో చేలో ఐదు మీటర్లు పొడవు, ఐదు మీటర్లు వెడల్పు చదరం కట్టి, అందులోని పంట కోసి తూకం వేస్తారు. ఆ ఐదు తూకాలని బట్టి పన్నెండు ఊళ్లలో ఎంత పండిందో లెక్క కడతారు. అలాంటి లెక్కలన్నీ కూడితే దేశం పంట. మా ఊళ్లో చీటీ మా మొక్కజొన్న చేనుకి పడింది.

మంచం మీంచి బాబాయి ఒక కన్ను తెరిచాడు. "అంటే ఒక్క గరిటె రుచి చూసి ఊరందరి కడుపు నిండిందో లేదో చెప్పేస్తారన్నమాట."

"నువ్వు ముందు లేచి ముఖం కడుక్కో, దేశం సంగతి తర్వాత చూద్దువుగాని" అంది అమ్మ.

నాన్న కొడవలి గోడకి ఆనించి లోపలికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఊళ్లో నాన్నని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. విత్తనాలాయన అంటారు. పదకొండేళ్లుగా అందరూ మొక్కజొన్న విత్తనం మా ఇంటి నుంచే తీసుకెళ్తున్నారు. మా గింజ మొలవలేదన్న మాట ఎవరి నోటా రాలేదు. "మా చేనైతే మీకు ఇబ్బందే ఉండదు మేడమ్, కళ్లు మూసుకుని ఎక్కడ కోసినా ఒకటే" అన్నాడు.

అమ్మ గిన్నె కడుగుతూ ఒక్క క్షణం ఆగి మళ్లీ కడుక్కుంది. అది నేను చూశాను.

మేడమ్ దగ్గర అంకెలు నిండిన ఒక చిన్న పుస్తకం ఉంది. కళ్లు మూసుకుని ఒక పేజీ తీసి వేలు పెట్టారు. నలభై ఏడు. ఇంకో పేజీ, ఇరవై మూడు. చేను మూల నుంచి పొడవు వైపు నలభై ఏడు అంగలు, అక్కణ్నుంచి అడ్డంగా ఇరవై మూడు అంగలు. ఎక్కడ ఆగితే అక్కడే మొదటి గూటం. మంచి చోటని జరపకూడదు, చెడ్డ చోటని తప్పుకోకూడదు. అదీ పద్ధతి.

"నా మోకాలు సహకరించట్లేదు. పాపా, నువ్వు నడుస్తావా?"

నేను తల ఊపాను. నడవడానికి నోరు అక్కర్లేదు కదా. పైగా నా అంగ ఎంతో నాకు తెలుసు. బడిలో లెక్కల మాస్టారు ఒకసారి అందరిచేతా కొలిపించారు. నాది సరిగ్గా డెబ్బై సెంటీమీటర్లు. నేను నడుస్తుంటే నాన్న వెనకే వచ్చాడు. ఆ ఏడాది కంకులు పీచు వేసి గింజ పట్టే రోజుల్లో నలభై రోజులు చినుకు లేదు. పగలంతా పొయ్యి ముందు కూర్చున్నట్టు వడగాలి. ఆ తర్వాత వానలు పడి చేను పచ్చగా లేచింది కాబట్టి పైనుంచి చూస్తే ఏ లోటూ కనపడదు. ఇరవై మూడో అంగ దగ్గర ఆగి, ఊరికే ఒక కంకి పొట్టు ఒలిచాను. బెండు మీద ఇక్కడొకటి, అక్కడొకటి గింజ. మిగతాదంతా బోసి.

నాన్న నా చేతి మీంచి ఆ పొట్టు తీసుకుని మళ్లీ కంకి మీదకి కప్పేశాడు, నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి సర్దినట్టు. మేడమ్ గట్టు మీద కూర్చుని అంకెలు రాసుకుంటున్నారు. నాలుగు గూటాలు పాతి తాడు కట్టి, "గింజ గట్టిపడనివ్వండి, ఇరవై రోజులకి కోతకొస్తాను, అప్పటిదాకా ఇందులో చెయ్యి పెట్టకండి" అని వెళ్లిపోయారు.

నేను రోజుకి మూడు వాక్యాలు డైరీ రాస్తాను. ఆ రోజు మూడో వాక్యం: పొడవు నలభై ఏడు, అడ్డం ఇరవై మూడు.

తొమ్మిదో రోజు నాన్నకి మంచినీళ్లు పట్టుకుని చేలోకి వెళ్లాను. నాన్న కనపడలేదు. గూటాలు కనపడ్డాయి, కానీ ఉండాల్సిన చోట కాదు. తూర్పు గట్టు దగ్గర, కాలువ పక్కనున్నాయి. అక్కడ ఊట నీళ్లు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. వడగాలి ఏమీ చెయ్యలేని చోటు అదొక్కటే. కంకులు బొద్దుగా, పొట్టు చీల్చుకు వచ్చేలా ఉన్నాయి. నేను మూలకి వెళ్లి నలభై ఏడూ ఇరవై మూడూ నడిచాను. ఆగిన చోట నేలలో ఒక గుంట. ఏడు అంగలు పక్కన ఇంకొకటి. నాలుగు గుంటలూ చూసి చెంబు అక్కడే పెట్టి ఇంటికొచ్చేశాను.

ఆ రోజు డైరీలో రెండు వాక్యాలే రాశాను.

ఇరవయ్యో రోజు కోత. సాక్షులుగా పిన్నీ, కాలువ చూసే పెద్దాయనా వచ్చారు. మేడమ్ ఈలోపు ఎన్ని ఊళ్లు తిరిగొచ్చారో, చెప్పులు తెగి తాడుతో కట్టుకున్నారు. గూటాలున్న చోట తాడుంది, తాడులోపల పంటుంది. మళ్లీ అంగలు నడిపించాలని ఆవిడకి తట్టలేదు. కోశారు, ఒలిచారు, మా వాకిట్లోకి తెచ్చి గింజ కొట్టించి త్రాసులో పెట్టారు. పదహారు కిలోలు.

"అబ్బ!" అంది పిన్ని. పెద్దాయన నాన్న వీపు మీద చరిచాడు. "విత్తనాలాయనా, నువ్వు వానని ఇంట్లో దాచుకున్నావయ్యా!"

నాన్న నేల చూస్తూ నవ్వాడు.

మేడమ్ రాసుకుంటూ అన్నారు: "చిత్రమే. మిగతా నాలుగు చేలూ గీతకి కాస్త కిందున్నాయి. మీదొక్కటి కలిపేసరికి గీత దాటేస్తుంది."

"ఏం గీతండీ?" అంది అమ్మ.

"ఇంత కన్నా తక్కువ పండితే కరువు నెలల్లో ఆ ఊళ్లకి గిడ్డంగి నుంచి ధాన్యం ఇవ్వాలని ఒక గీత పెట్టారమ్మా. దాటితే ఇవ్వరు. పండింది కదా, ఇంకెందుకని."

నాన్న గోనెసంచి మూతి కడుతున్నాడు. ఆ ముడి కడుతున్నవాడు కడుతున్నట్టే ఆగిపోయాడు. నాన్నకి ఆ గీత సంగతి తెలియదు. నాకూ తెలియదు. కొలత అంటే మెచ్చుకోలు అనుకున్నాడు నాన్న, బడిలో మార్కుల్లాగా.

"పచ్చి గింజ కదా, పది రోజులు ఎండనివ్వండి. మళ్లీ తూకం వేశాకే కాగితం పైకి పోతుంది" అని సంచికి సీలు వేసి, మా డాబా మీద పెట్టించి, మేడమ్ బస్సెక్కారు.

ఆ పది రోజులూ నాన్నా నేనూ ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోలేదు. నాకు తెలుసని నాన్నకి తెలియదు. తెలియదనే అనుకున్నాను.

మూడో రోజు బాబాయి ఓడరేవు నుంచి వచ్చాడు. రొట్టె తుంచుకుంటూ కథలు మొదలుపెట్టాడు. "వదినా, రేవులో ఓడలు చెరువులో బాతుల్లా ఉన్నాయనుకో. సముద్రం అవతల ఒక దేశంలో పంటంతా వరదలో పోయిందట. ఇంకో దేశంలో బాగా పండింది గానీ గొడవల వల్ల ఓడ కదలట్లేదట. దాంతో వ్యాపారులంతా మిగులున్న ఊళ్ల జాబితా ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చున్నారు. మన పన్నెండు ఊళ్లు అందులో ఎక్కితే నా లారీకి ఊపిరాడదు!"

"మన దగ్గర మిగులెక్కడుంది?" అంది అమ్మ.

"కాగితం మీద ఉంటే చాలు, వాళ్లే వచ్చి కొంటారు. చేతిలో డబ్బు ఆడుతుంది, అందరూ అమ్ముకుంటారు. ఆ తర్వాత..." బాబాయి నమలడం ఆపాడు. "ఆ తర్వాత మనం తినడానికి మళ్లీ కొనుక్కోవాలనుకో. అప్పుడు ధర రేవుది."

"అంటే ఇక్కడి గింజ నువ్వే తోలుకుపోయి, నువ్వే మళ్లీ తోలుకొస్తావన్నమాట" అంది నాయనమ్మ. "రెండుసార్లు కిరాయి. తెలివైనవాడివేరా నా కొడకా."

బాబాయి నవ్వబోయి నాన్న ముఖం చూసి మానేశాడు. నాన్న సగం రొట్టె వదిలి లేచిపోయాడు.

మర్నాడు పిన్ని వాళ్ల అరుగు మీద గింజలు ఒలవడానికి సాయం వెళ్లాను. నాయనమ్మా వచ్చింది. పిన్నికి భర్త లేడు. అరెకరం చేను, ఇద్దరు ఆడపిల్లలు. బుట్టెడు కంకులు ఒలిస్తే దోసెడు గింజలు రావడం లేదు.

"నాయనమ్మ నోట్లో పళ్లలా ఉన్నాయి చూడు" అంది పిన్ని ఒక కంకి ఎత్తి.

"నాకు నాలుగున్నాయే. దీనికి మూడే" అంది నాయనమ్మ. ముగ్గురం పడీపడీ నవ్వాం.

నవ్వు ఆగాక పిన్ని లెక్క చెప్పింది. ఈ గింజ రెండు నెలలు. తర్వాత పట్నం, ఇటుకల బట్టీ. పిల్లలు కూడా రావాల్సిందే, ఒంటరిగా ఎక్కడ వదులుతుంది? పెద్దదాని పుస్తకాలు అప్పటికే మూటకట్టి ఉన్నాయి. ఇదంతా చెప్తున్న ఈనాటికి ఆ పిల్ల తొమ్మిదో తరగతి, నా పాత లెక్కల పుస్తకంలో నేను తప్పు చేసినచోట్లన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది నాకే చూపిస్తుంది. కానీ ఆ రోజు ఆ మూటని చూస్తే నాకు గింజ ఒలవడానికి వేళ్లు రాలేదు.

"పోనీలే, మీ నాన్నదైనా పండింది. నాకదే చాలు" అంది పిన్ని. "ఆయన దగ్గర విత్తనముంటే ఊరికి వచ్చే ఏడు ఉన్నట్టే."

నిజంగా సంతోషంగానే అంది. వెటకారంగా అని ఉంటే భరించేదాన్ని.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాలని రెండుసార్లు పెరట్లోకి వెళ్లాను. ఒకసారి "నాన్నా, నీళ్లు తోడనా?" అన్నాను. రెండోసారి అది కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో అమ్మ కేకలు. "బట్టల తాడు ఎవరు విప్పారు? తడి బట్టలు నెత్తిన ఆరేసుకోనా?" ఆ వెనకే బాబాయి: "లారీ పరదా తాడు కూడా లేదు వదినా! మన వీధిలో తాళ్ల దొంగ దిగాడు!"

"దొంగైతే లారీ వదిలేసి తాడు పట్టుకుపోతాడా? నీ లారీ అంత బాగుందన్నమాట" అంది నాయనమ్మ.

నేను అప్పటికే చేలోంచి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. నలభై ఏడు, ఇరవై మూడు. గుంటలు నాలుగూ అలాగే ఉన్నాయి. వాటిల్లో నాలుగు కర్రలు పాతి, రెండు తాళ్లూ ముడేసి, చదరం కట్టేసి వచ్చాను. ఏమీ కోయలేదు. అమ్మ తాడు ఎర్రది, దూరం నుంచి కూడా కనపడుతుంది.

నాన్న చేనుకి వెళ్లి మధ్యాహ్నానికి గానీ రాలేదు. వచ్చి నూతి పళ్లెం దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి చూస్తోంది.

"నువ్వేనా?"

"ఊఁ."

"అంగల లెక్క తప్పలేదుగా?"

"రెండుసార్లు నడిచాను నాన్నా."

కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. "ఎవరైనా చూశారా?"

"నేను చూశాను."

నాన్న చెంబు కింద పెట్టేశాడు. కోప్పడతాడనుకున్నాను. లేచి, "రా" అన్నాడు.

ఇద్దరం చేలోకి వెళ్లాం. తాడు దాటి లోపలికి వెళ్లి, కంకి తెంచకుండా, పొట్టు కొంచెం చీల్చి లోపల చూసి మళ్లీ మూయడం మొదలుపెట్టాడు నాన్న. నేను అటువైపు నుంచి మొదలుపెట్టాను. నూట యాభై చిల్లర మొక్కలు. బోసి. బోసి. సగం. బోసి. వరసగా పాతిక మొక్కలు అంతే. తర్వాత నా చేతికి ఒక కంకి తగిలింది. గట్టిగా ఉంది. చీల్చి చూస్తే పైనుంచి కిందదాకా గింజ, ఒక్క సందు లేదు.

"నాన్నా!"

అంత గట్టిగా అరిచానని తర్వాత తెలిసింది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

నాన్న వచ్చి ఆ కంకిని చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. మొక్క చుట్టూ తిరిగాడు. వేళ్ల దగ్గర మట్టి తవ్వి తడి ఉందేమో చూశాడు. లేదు. పక్క మొక్కకి ఉన్న నేలే దీనికీ, పక్క మొక్కని కాల్చిన గాలే దీన్నీ కాల్చింది. సాయంత్రం దాకా వెతికితే ఆ చదరంలో అలాంటివి పదకొండు దొరికాయి. నాన్న తువ్వాలు అంచు చింపి ఒక్కోదానికీ ఒక్కో పేలిక కట్టాడు.

పని అయ్యాక గట్టు మీద కూర్చున్నాడు. "ఇన్నేళ్లూ విత్తనానికి కాలువ పక్క కంకులే తీశాను. పెద్దవి కదా అని. కూర్చున్న చోటికే నీళ్లొస్తే ఎవడైనా బలుస్తాడు." పేలికల వైపు చూశాడు. "ఎండకి నిలబడినవి ఇక్కడ మధ్యలో ఉన్నాయి. నేను ఈ మధ్యలోకి ఒక్క ఏడూ విత్తనం కోసం రాలేదు."

"పిన్ని వాళ్లు ఇంకా కోయని వరసల్లో కూడా ఉంటాయేమో" అన్నాను.

"ఉంటాయి. ప్రతి చేలోనూ నాలుగో ఐదో ఉంటాయి. అందరూ పశువులకి కోసేయకముందే చూడాలి." లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. "చూడాలంటే మరి నా చేను కూడా పోయిందని ముందు చెప్పాలి."

ఆ మాట నాకు చెప్పినట్టు లేదు, తనకే చెప్పుకున్నట్టుంది. నేను గడ్డి పరక తెంపుతూ కూర్చున్నాను.

పదో రోజు పొద్దున మేడమ్ వచ్చారు. సంచి డాబా మీంచి దించారు. త్రాసు తగిలించడానికి బాబాయి స్టూలు ఎక్కాడు. పిన్నీ పెద్దాయనా సాక్షి సంతకాలకి వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నేను డైరీ పట్టుకుని బీరువా సందులో కాకుండా గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాన్న చెప్పలేకపోతే నేను చెప్పాలని ముందురోజు నుంచీ ఒకే వాక్యం బట్టీ పట్టాను.

మేడమ్ సీలు విప్పబోతుంటే నాన్న సంచి మీద చెయ్యి పెట్టాడు. "తూకం వద్దు మేడమ్. ఒకసారి ఈ గదిలోకి రండి, ఒక మాట చెప్పాలి. తర్వాత చేలోకి వెళ్దాం. చదరం కట్టి ఉంది, మీ పుస్తకంలో అంకెలతో సరిచూసుకోవచ్చు."

మేడమ్ నాన్నని, సంచిని, మళ్లీ నాన్నని చూశారు. పిన్ని నోటి మీద చెయ్యి వేసుకుంది. మేడమ్ పెన్నుకి మూత పెట్టి గదిలోకి నడిచారు.

వాళ్ల వెనకే నేనూ ఒక అడుగు లోపలికి వేశాను.

"నువ్వెక్కడికి?" అన్నాడు నాన్న.

"నడిచింది నేనే కదా నాన్నా. మేడమ్ అడిగితే నేను చెప్తాను."

అంతమంది ముందు అంత పెద్ద మాట నేను అదే మొదటిసారి అనడం. మేడమ్ వెనక్కి తిరిగి చూశారు. నాన్న గొంతు తగ్గించాడు.

"నడిచింది నువ్వే. గూటాలు పీకింది నేను."

"మరి ఇకమీదట నీ దగ్గర విత్తనం ఎవరైనా అడుగుతారా?"

"అడక్కపోతే నేనే వాళ్ల చేలకి వెళ్లి వెతుకుతాను. నువ్వు తోడొద్దువుగాని." నా భుజం పట్టుకుని మెల్లగా గడప అవతలికి జరిపాడు. "ఇది మాత్రం నీ పని కాదమ్మా, నాది" అని, నా ముఖం మీదే తలుపు వేశాడు.